ఇన్‌చార్జి జుర్చెన్లు

నిర్మాత ఫణిభూషణరావుకి చరిత్ర అంటే ప్రాణం. చరిత్రలో మనుషులు ఉంటారే, వాళ్ళంటేనే భయం. ఆయన ఇంతవరకు తీసిన ప్రతి చారిత్రక చిత్రానికీ ఎవరో ఒకరి మనోభావాలు దెబ్బతింటూనే వచ్చాయి. ఒకసారి రాజుగారి మీసం కిందికి వంగిందని ఒక సంఘం వారు థియేటర్ల ముందు బైఠాయించారు. ఇంకోసారి సేనాపతి పెరుగన్నం తింటూ కనిపించాడని, ఆయన వంశస్థులం మేమేనంటూ రెండు జిల్లాల నుంచి జనం బస్సులు మాట్లాడుకుని వచ్చారు. పెరుగన్నంలో తప్పేముందని అడిగితే, తప్పేమీ లేదు గాని మా వాడు తినేవాడు కాదన్నారు. ఆ దృశ్యం తీసేయక తప్పలేదు. కథలో సేనాపతి విషం తిని చచ్చిపోయేది ఆ అన్నంతోనే కాబట్టి, చిత్రం చివర్లో ఆయన ఏ కారణమూ లేకుండా చచ్చిపోవలసి వచ్చింది.

అందుకని ఈసారి వెబ్ సిరీస్ తీద్దామనుకున్నప్పుడు ఆయన రచయితని పిలిచి ఒకటే షరతు పెట్టాడు.

"రాజ్యం ఏలి ఉండాలి. గుర్రాలుండాలి. కళ్ళు చెదిరే బట్టలుండాలి. కానీ మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడా వాళ్ళకి సంఘం ఉండకూడదయ్యా. అద్దె గది మీద బోర్డు కూడా ఉండకూడదు. అట్లాంటి జాతి ఉందేమో చూడు."

రచయిత నానా తంటాలు పడి జుర్చెన్లని పట్టుకొచ్చాడు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట అడవుల్లోంచి గుర్రాలెక్కి వచ్చి, చైనా ఉత్తరభాగాన్ని గెలిచి, నూరేళ్ళకు పైగా ఏలి వెళ్ళిపోయినవాళ్ళు. ఈ మధ్యనే మన ఇళ్ళలో చైనా సీరియళ్ళ పిచ్చి పట్టుకుంది. పప్పు మాడిపోతున్నా లేవకుండా డబ్బింగ్ చక్రవర్తుల్ని చూస్తున్నారు. ఫణిభూషణరావు ఫోన్ చేసి నలుగురైదుగురు కలెక్టరాఫీసు స్నేహితుల్ని అడిగాడు. ఏ జిల్లాలోనూ జుర్చెన్లు లేరని నిర్ధారించుకున్నాక కొబ్బరికాయ కొట్టాడు.

బట్టల పని చేబోలు ఇందుమతికి వచ్చింది.

ఇందుమతి తెనాలి నుంచి వచ్చి కృష్ణానగర్‌లో స్థిరపడిన మనిషి. పెద్ద పెద్ద డిజైనర్ల దగ్గర అసిస్టెంటుగా చేస్తూనే నడివయసుకి వచ్చింది. ఆమె గీసిన బట్టలు వేసుకుని ఎందరో రాజులయ్యారు, రాణులయ్యారు. పేరు మాత్రం డ్రైవర్ల పేర్లతో, భోజనాల వాళ్ళ పేర్లతో కలిసి తెరమీద పరుగెత్తుకుంటూ పోయేది. తనవాళ్ళు ఎవరైనా చదవాలంటే పాజ్ కొట్టాలి. ఈసారి అలా కాదు. "దుస్తులు: చేబోలు ఇందుమతి" అని విడిగా ఒక కార్డు వేస్తానని ఫణిభూషణరావు మాటిచ్చాడు. ఆ మాట విన్నాక ఆమెకి ఒక్కటే కోరిక మిగిలింది. తను కుట్టించినవి జనం చూడాలి. చూసి, ఇవి ఎవరు చేశారా అని వెనక్కి వెళ్ళి ఆ కార్డు చదవాలి.

ఇంత ఆశ పెట్టుకున్న మనిషి ఊరికే ఉంటుందా. పరాయి దేశాల మ్యూజియంల ఫోటోలు తెప్పించింది, పుస్తకాలు తెప్పించింది. జుర్చెన్ అధికారుల అంగీకి మెడ గుండ్రంగా ఉంటుంది, చేతులు ఇరుకు, గుర్రం ఎక్కడానికి అడ్డం రాకుండా అంచు పిక్కల దగ్గరే ఆగిపోతుంది. నడుముకి పట్టా, కాళ్ళకి నల్ల బూట్లు. హోదాని బట్టి రంగు: పైవాళ్ళకి ఊదా, మధ్యవాళ్ళకి ఎరుపు, అట్టడుగు వాళ్ళకి ఆకుపచ్చ. దానికి తోడు పువ్వు. మహా పెద్ద అధికారి బట్ట మీద పువ్వు అరచేయంత ఉంటుంది. హోదా తగ్గేకొద్దీ పువ్వు కూడా తగ్గుతుంది. ఆకుపచ్చ వాళ్ళకి పువ్వే ఉండదు. ఎవడు ఎవడికి వంగి దణ్ణం పెట్టాలో అడగక్కర్లేకుండా పువ్వు చూసి తెలుసుకునే ఏర్పాటన్నమాట.

వీటన్నిటికీ తలమానికం మహామంత్రి అంగీ. వసంతకాలంలో వాళ్ళు డేగలతో హంసల్ని వేటాడేవాళ్ళట. ఆ వేటని బట్టల మీద కుట్టించుకునేవాళ్ళట. ఇందుమతి ఊదా పట్టు మీద చెరువు, చెరువులో పూలు, పైనుంచి దూకుతున్న డేగ, మెడ తిప్పి చూస్తున్న హంస గీసింది. టైలరు ఖాజా మాస్టర్ తన మగ్గం వర్కు మనుషుల్ని దాని చుట్టూ కూర్చోబెట్టాడు. అది పూర్తయిన రోజున ఖాజా మాస్టర్ దూరం నుంచి చూసి, దగ్గరికొచ్చి చూసి, మళ్ళీ దూరం వెళ్ళాడు.

"అమ్మా, నేను చానా మంది రాజులకి కుట్టిన. ఆ డేగ కన్ను చూడున్రి. మనం ఏదన్న తప్పు చేస్తే పట్టుకుంటది."

తప్పు చేసింది వాళ్ళు కాదు గాని, పట్టుకునేవాళ్ళు మాత్రం వచ్చారు.

ఖైరతాబాద్ దగ్గర ఒక పాత భవనం మూడో అంతస్తులో చారిత్రక మనోభావాల పరిరక్షణ మండలి అని ఒకటి ఉంది. తెరమీద ఏ జాతిని చూపించినా ఆ జాతి ప్రతినిధుల నుంచి నిరభ్యంతర పత్రం తేవాలని వాళ్ళ నిబంధన. ఫణిభూషణరావు ఇందుమతిని, అంగీల పెట్టెని వెంటబెట్టుకుని ఉత్సాహంగా వెళ్ళాడు. కార్యదర్శి మాడుగుల విశ్వపతి గారు కాగితాలన్నీ చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సదరు జుర్చెన్ జాతి ప్రతినిధుల నిరభ్యంతర పత్రం జతపరచలేదు."

"ఇక్కడ జుర్చెన్లు ఎవరూ లేరండి. అందుకేగా వాళ్ళని పెట్టుకుంది," అన్నాడు ఫణిభూషణరావు.

"లేకపోవుట నిరభ్యంతరం కాజాలదు."

"అభ్యంతరం చెప్పేవాడే లేనప్పుడు..."

"అది మీ పొరపాటు. అభ్యంతరం చెప్పువారు లేనిచోట, అట్టివారిని సమకూర్చు బాధ్యతను ప్రభుత్వం ఈ మండలి మీదనే ఉంచినది. ఒక జాతి ఇక్కడ లేదు గదా అని దాని మనోభావాలను గాలికి వదలివేయుదుమా? రేపు వారు వచ్చి అడిగినచో మేము ఏమని సమాధానం చెప్పవలెను?"

ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత ఎవరొచ్చి అడుగుతారన్న ప్రశ్న ఫణిభూషణరావు నాలుక చివరిదాకా వచ్చింది. ఆఫీసుల్లో నాలుక చివరికి వచ్చినవాటిని మింగేయడం ఆయనకి అలవాటే.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. జుర్చెన్ జాతి ప్రతినిధుల పోస్టులు రెండు మంజూరు చేయబడినవి. వాటిని భర్తీ చేయుటకు అసలు జుర్చెన్లు లభ్యం కానందున, తూనికలు కొలతల శాఖ నుండి సూపరింటెండెంటు జగదీశ్వర్‌ని, పశుసంవర్ధక శాఖ నుండి సీనియర్ అసిస్టెంటు కనకదుర్గాంబని, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, డెప్యుటేషన్‌పై ఇన్‌చార్జి జుర్చెన్లుగా నియమించడమైనది.

ఇద్దరూ ఒక ఉదయం కృష్ణానగర్ వచ్చారు. జగదీశ్వర్ సన్నగా, మర్యాదగా ఉన్నాడు. కనకదుర్గాంబ రాజమండ్రి మనిషి, చేతిసంచిలో టిఫిను డబ్బా, నీళ్ళ సీసా, అల్లిక సామాను ఉన్నాయి. ఇందుమతి వాళ్ళకి కాఫీలిచ్చి, అంగీలన్నీ తీగల మీద వేలాడదీసి చూపించింది.

"మంచిగున్నయ్ మేడమ్," అన్నాడు జగదీశ్వర్.

ఇందుమతి మొహం వికసించింది. "అయితే అభ్యంతరం ఏమీ లేదని రాసిస్తారా?"

ఇద్దరు జుర్చెన్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అట్ల రాస్తే ఎట్ల మేడమ్. నెలనెలా మేము రిపోర్టు పంపాలె. మనోభావాలు ఎన్ని దెబ్బతిన్నయ్, ఎట్ల దెబ్బతిన్నయ్ అని. ఏం లేవని రాస్తే ఫైనాన్సోళ్ళు గీ పోస్టులెందుకు అంటరు."

"పోస్టు పోతే మమ్మల్ని పాత సీట్లో కూర్చోనివ్వరండి. అక్కడ అప్పుడే వేరే ఆయన్ని వేసేశారు," అంది కనకదుర్గాంబ. "మీరేం అనుకోకండే. ఏదో ఒకటి చిన్నది చూసుకుని బాధపడి వెళ్ళిపోతాం."

అలా చిన్నది వెతకడం మొదలైంది. జగదీశ్వర్ తన శాఖ అలవాటు కొద్దీ జేబులోంచి స్కేలు తీసి పువ్వులు కొలిచాడు. ఊదా అంగీ మీద పెద్ద పువ్వు. ఎర్రదాని మీద నువ్వుగింజల్లాంటి చుక్కలు. ఆకుపచ్చ అంగీని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"దీనికి పువ్వేది?"

"వాళ్ళు అట్టడుగు అధికారులండి. వాళ్ళకి ఉండదు."

"ఉండదంటే? ఎవరు తీసేసిన్రు?"

"ఎవరూ తియ్యలేదు. అప్పటి రూలు."

జగదీశ్వర్ మొహం గంటు పెట్టుకున్నాడు. పదేళ్ళకు పైగా ప్రమోషన్ లేకుండా ఉన్న మనిషి. "అంటే మా జుర్చెన్లల్ల కింది స్థాయోనికి ఒక్క పువ్వుకు కూడ దిక్కులేదన్నట్టు. ఇది చూపిస్తే లోకం ఏమనుకుంటది మా గురించి?"

నెలకి కావలసిన బాధ దొరికింది. మండలి వెంటనే ఆదేశించింది: జుర్చెన్ కింది స్థాయి ఉద్యోగులందరికీ పువ్వు కల్పించవలెను. ఇందుమతి పళ్ళు బిగబట్టి ఆకుపచ్చ అంగీలకి చిన్న చిన్న పూలు వేయించింది. మరుసటి నెల ఎర్ర అంగీల తరఫున కనకదుర్గాంబ బాధపడింది. నిన్నటిదాకా పువ్వు లేనివాడికి, ఎప్పటినుంచో సర్వీసులో ఉన్నవాడికి ఒకే పువ్వా అని. ఎర్రవాళ్ళ పువ్వు పెరిగింది. ఎర్రవాళ్ళది పెరిగేసరికి ఊదా వాళ్ళకి తేడా తగ్గిపోయిందని జగదీశ్వర్ బాధపడ్డాడు. ఊదా పువ్వు విస్తరాకంత అయింది. ఆ తర్వాత వేతన సవరణలాగా మళ్ళీ కిందినుంచి మొదలు.

"అమ్మా, ఇంక పువ్వు పెంచితే చెయ్యి బయటికి తీసేదానికి సందు లేదు," అన్నాడు ఖాజా మాస్టర్. "పువ్వునే అంగీ అనుకోమనున్రి."

ఇందుమతికి కడుపు మండిపోయింది. హోదాలన్నీ కలిసిపోయాయి, దర్బారు కాస్తా పూలకొట్టు అయింది. మిగిలింది ఒక్క డేగ అంగీ. దాని మీద హోదా పువ్వు లేదు, వేట ఉంది. దాన్ని మాత్రం ముట్టుకోనివ్వకూడదనుకుంది. విశ్వపతి గారి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించింది.

"సార్, మిగతావి మీ ఇష్టం. ఆ ఒక్కటీ వదిలెయ్యండి. నేను చేసిందంటూ చెప్పుకోవడానికి అదొక్కటే."

"వారి మనోభావాలను వారే పరిశీలించవలెను. మేము ప్రభావితం చేయరాదు. సదరు అంగీని పరిశీలనార్థం వారికి అందజేయండి. ధరించి చూచినగాని బాధ తెలియదు."

జగదీశ్వర్ ధరించి చూశాడు. కృష్ణానగర్ గదిలో నిలువుటద్దం ముందు నిలబడ్డాడు. ఖాజా మాస్టర్ పట్టా బిగించాడు. ఎప్పుడూ కాస్త వంగి నడిచే మనిషి నిటారుగా అయ్యాడు. ఛాతీ మీద డేగ రెక్కలు విప్పుకుంది. జగదీశ్వర్ దాని రెక్కని వేలితో నిమిరాడు.

"దీంట్ల నాకు ఏ అభ్యంతరం లేదు మేడమ్," అన్నాడు చివరికి. "ఇది మాది."

ఇందుమతి గాల్లో తేలిపోయింది. ఆ రెండో మాట ఆమె చెవిన పడలేదు.

అప్పటినుంచి పరిశీలన కొనసాగుతూనే ఉంది. షూటింగు లేని రోజుల్లో అంగీ జగదీశ్వర్ ఒంటి మీదే ఉండేది. దాన్ని వేసుకునే ఆఫీసుకి వెళ్ళేవాడు. బేగంబజార్‌కి సరుకులకి వెళితే, కొట్లవాళ్ళు అడగకముందే సరైన తూకపు రాళ్ళు బయట పెట్టారట. ఇంట్లో భార్య కూడా మీరు అనడం మొదలుపెట్టిందని కనకదుర్గాంబ చెప్పింది. ఆవిడ కూడా ఒక పెద్ద పువ్వు ఊదా అంగీ పట్టుకుపోయింది. జుర్చెన్లలో ఆడ అధికారులు లేరండి అని ఇందుమతి అంటే, ఇన్‌చార్జికి ఆడా మగా ఏంటండీ అంది.

షూటింగు ఎలాగో పూర్తయింది. మహామంత్రి పాత్ర పిడుగు స్టార్ రణధీర్ వేశాడు. మండలికి ప్రత్యేకంగా చూపించే రోజున ఫణిభూషణరావు సమోసాలు తెప్పించాడు. దర్బారు దృశ్యం వచ్చింది. డేగ అంగీలో రణధీర్ సింహాసనం మెట్లు దిగుతుంటే ఇందుమతి కుర్చీ అంచుకి జరిగి చూసింది. దీపాల వెలుగులో హంస మెడ తళుక్కుమంది. తర్వాత విందు దృశ్యం. రణధీర్ మాంసం తిని, డైరెక్టరు చెప్పకుండానే, సహజంగా ఉంటుందని అంగీ అంచుతో చేతులు తుడుచుకున్నాడు.

వెనక వరసలో ఎవరో వెక్కిన శబ్దం వినిపించింది. దీపాలు వేసి చూస్తే జగదీశ్వర్. కళ్ళనిండా నీళ్ళు.

"ఇన్నొద్దులు రిపోర్టు కోసం బాధపడ్డ సార్," అన్నాడు విశ్వపతి గారితో. "ఇయ్యాల నిజంగనే బాధైతున్నది. ఆ బట్ట విలువ తెలువనోడు, మా వాడు కానోడు, దాన్ని తొడుక్కుని చేతులు తుడుసుకుంటడా?"

అక్కడున్న వాళ్ళందరిలోకీ ఆ బట్టని ఇందుమతితో సమానంగా ప్రేమించినవాడు అతనొక్కడే. ఆమె బాగా కుట్టించకపోయి ఉంటే అతనికి ఏ బాధా ఉండేది కాదు. ఏ దర్జీ కొట్లోనో దొరికే మెరుపు గుడ్డ అయితే సమోసా తిని సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడు. ఈ సంగతి ఇందుమతికి అప్పుడే అర్థమైంది. అర్థమై చేసేదేమీ లేదు.

ఉత్తర్వు స్పష్టంగా ఉంది: జుర్చెనేతరులు జుర్చెన్ దుస్తులు ధరించినట్లు తెరపై కనబడరాదు.

మళ్ళీ తియ్యడం అయ్యే పని కాదు. ఫణిభూషణరావు లాయర్లతో మాట్లాడి ఒక దారి కనుక్కున్నాడు. సిగరెట్లనీ మందు సీసాలనీ మసక చేసి చూపిస్తున్నారు కదా. బట్టల్ని మసక చేస్తే ధరించినట్లు కనబడదు. మండలి సరేనంది. సిరీస్ విడుదలైంది.

మొదట ఖాళీ తెర. దాని మీద విడిగా, ఎంతో తీరికగా, "దుస్తులు: చేబోలు ఇందుమతి". ఆ తర్వాత మెడ నుంచి పిక్కల దాకా మసకలో మునిగిన మనుషులు. మసకకి పైన తలకాయ, కింద బూట్లు. దర్బారు నిండా అంతే.

మన జనానికి మసక అంటే ఒకటే అర్థం. పిల్లల్ని గదిలోంచి పంపించేశారు. కుర్రాళ్ళు ఎగబడి చూశారు. వాళ్ళకి వేరే రకంగా మనోభావాలు దెబ్బతిన్నాయి. గొడవ పెద్దదయ్యాక మండలి ప్రతి దృశ్యం కింద ఒక వాక్యం వేయించింది: ఈ దృశ్యమున పాత్రలకు దుస్తులు కలవు.

తెనాలి నుంచి ఇందుమతి పిన్ని ఫోన్ చేసింది.

"పేరు చూశామే అమ్మాయ్. పెద్ద అక్షరాలతో వేశారు. మీ బాబాయి చప్పట్లు కూడా కొట్టాడు."

"బాగుందా పిన్నీ?"

పిన్ని గొంతు తగ్గించింది. "బట్టలు నీవన్నారు గదా. మరి ఒక్కళ్ళ ఒంటి మీదా లేవేంటే? ఎందుకు ఒప్పుకున్నావమ్మా అట్లాంటి పని?"

ఇందుమతి ఫోన్ పెట్టేసి ఏడ్చింది. పేరు లేనన్నాళ్ళూ కనీసం బట్టలైనా కనిపించేవి. కోపం ఏడుపుని మించిపోయాక లేచి ఆటో ఎక్కి ఖైరతాబాద్ వెళ్ళింది.

మూడో అంతస్తులో విశ్వపతి గారు ఓపికగానే విన్నారు.

"తమరి మనోభావాలు దెబ్బతిన్నట్లు అర్థమవుచున్నది. అయితే తమరు ఏ జాతి ప్రతినిధి?"

"నేను వాటిని చేసినదాన్ని సార్."

"చేసినవారికి మనోభావములు ప్రస్తుత నిబంధనలలో పొందుపరచబడలేదు."

ఇందుమతి లేవబోయింది. ఆయన చేత్తో ఆగమన్నారు. ఆ మనిషిలో దయ లేకపోలేదు. దయకి కూడా ఒక క్రమపద్ధతి ఉండాలంటారు, అంతే.

"కనకదుర్గాంబ గారికి పదోన్నతి లభించి మాతృ శాఖకు వెళ్ళినందున జుర్చెన్ పోస్టు ఒకటి ఖాళీగా ఉన్నది. అది మహిళా కోటాలో పడినది. జుర్చెన్ దుస్తుల పరిజ్ఞానం అర్హత. బయటివారు కూడా దరఖాస్తు చేసుకొనవచ్చును. ఇంతవరకు ఎవరూ చేయలేదు."

ఇందుమతి అక్కడికక్కడే దరఖాస్తు రాసిచ్చింది. ఇంటర్వ్యూలో జుర్చెన్లు అంగీ ఏ వైపు ముడివేస్తారని అడిగారు. ఎడమవైపని చెప్పింది. తక్కిన అభ్యర్థులెవరూ లేనందున మొదటి ర్యాంకు ఆమెదే. బాధ్యతలు స్వీకరించిన రోజునే తొలి నివేదిక రాసింది: మా జాతి దుస్తులను ఏదో సిగ్గుపడవలసిన వస్తువువలె మసకలో దాచుట వలన నా మనోభావాలు తీవ్రంగా దెబ్బతిన్నవి.

మండలి చరిత్రలో ఇలాంటి చిక్కు ఎప్పుడూ రాలేదు. ఒక జుర్చెన్‌కి చూపిస్తే బాధ, ఒక జుర్చెన్‌కి దాస్తే బాధ. ఇద్దరివీ సమాన హోదా బాధలే. జాతి మొత్తం చీలిపోయింది. విశ్వపతి గారు రెండు వర్గాలనూ బల్లకి అటూ ఇటూ కూర్చోబెట్టారు.

"జగదీశ్వర్ గారూ, మీకు బట్టలు కనిపిస్తే బాధా? వాడు కనిపిస్తే బాధా?" అంది ఇందుమతి.

జగదీశ్వర్ ఆలోచించాడు. "బట్టలతోటి నాకేం లొల్లి లేదు మేడమ్. వాటి లోపల మా వాడు కానోడు కనపడుతుండు, అదే."

"అయితే వాణ్ణి మసక చెయ్యమనండి."

కార్యదర్శి గారు నిబంధనలు తిరగేశారు. ఉత్తర్వులో జుర్చెనేతరులు కనబడరాదని ఉంది. దుస్తులు కనబడరాదని ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ దాన్ని అమలుచేసింది తలకిందులుగానన్నమాట.

"మొఖం కనపడకుంటే లోపల ఎవరున్నరో ఎవరికెరుక," అన్నాడు జగదీశ్వర్, పెద్ద బరువు దిగినట్టు.

సిరీస్ మళ్ళీ విడుదలైంది. ఈసారి మొహాలు మసక, చేతులు మసక. అంగీలు మాత్రం పోగు పోగూ కనపడేంత స్పష్టం. ఇందుమతి, ఖాజా మాస్టర్ కృష్ణానగర్ గదిలో కుట్టుమిషన్ల మధ్య కూర్చుని చూశారు. విస్తరాకు పువ్వులు బారులు తీరి వంగాయి. వాటి మధ్యలోంచి డేగ వచ్చింది. ఎవరి మొహమూ అడ్డం లేకపోవడంతో చూపు పోవడానికి ఇంకో చోటు లేదు. డేగ మెట్లు దిగింది, హంస మెడ తిప్పింది. ఇందుమతికి పట్టలేనంత సంతోషమైంది. ఖాజా మాస్టర్ భుజం మీద తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

జనం కూడా అదే చూశారు. చూడటానికి ఇంకేమీ లేదు మరి. వెనక్కి వెళ్ళి కార్డు చదివారు. పెళ్ళిళ్ళకి డేగ జాకెట్లు వచ్చాయి. మొహం కనపడకపోవడంతో రణధీర్ నటన బాగా మెరుగుపడిందని విమర్శకులు రాశారు. అభిమానులు గొడవకి వెళ్ళారు గాని, అభిమానులు చారిత్రక జాతి కిందికి రారని మండలి తిప్పి పంపింది. పిన్ని ఫోన్ చేసి, అట్లాంటి డేగ ఒకటి తనకీ పంపమంది.

ఒక విజయం వస్తే మనవాళ్ళు అందరూ ఆ దారే పడతారు. ఇంకో కంపెనీ జుర్చెన్ సీరియల్ మొదలుపెట్టింది. నిబంధన ప్రకారం బట్టలు పట్టుకుని వాళ్ళ డిజైనరు మండలికి వచ్చింది. మృదుల అట, కరీంనగర్ అమ్మాయి, మొదటిసారి సొంతంగా చేస్తోంది. ఇందుమతి కనకదుర్గాంబ వదిలివెళ్ళిన ఊదా అంగీ సర్దుకుని జగదీశ్వర్ పక్కన కూర్చుంది.

"మీ సిరీస్ చూసే ఈ పనికొచ్చిన మేడమ్," అంది మృదుల. "మీరు వసంతకాలం చేసిన్రు గదా. నేను ఆకురాలు కాలం తీసుకున్న."

పెట్టె తెరిచి అంగీని బల్ల మీద పరిచింది. కొండ అడవి. ఆకులు రాలుతున్న చెట్ల మధ్య లేళ్ళు, వాటి వెనక ఒక ఎలుగుబంటి. ఇందుమతి మెడ చూసింది, గుండ్రంగా ఉంది. చేతులు ఇరుకు. ముడి ఎడమవైపే. అంచు పిక్కల దగ్గరే ఆగింది. పెట్టెలోని మిగతా అంగీల మీద పువ్వుల కొలతలు ఒకప్పుడు తను మొదట వేయించినట్టే, హోదా ప్రకారం ఉన్నాయి. ఎలుగుబంటి బొచ్చు కోసం ఆ అమ్మాయి దారాన్ని చీల్చి, చీల్చినదాన్ని మళ్ళీ చీల్చి కుట్టించింది. వేలితో రాస్తే నిజంగానే గరుకుగా తగిలింది. అలా చెయ్యొచ్చని ఇందుమతికి ఎన్నడూ తోచలేదు.

"ఎట్లుంది మేడమ్?" అంది మృదుల. ఆ గొంతులో వణుకు ఇందుమతికి బాగా తెలిసినదే.

జగదీశ్వర్ ముందుకు వంగి చూశాడు. "శానా మంచిగున్నది. నాకేం బాధనిపిస్తలేదు."

ఇందుమతి ఎలుగుబంటి వంకే చూస్తూ ఉండిపోయింది. ఎక్కడో లోపల, రిపోర్టు కోసం కాకుండా, నిజంగానే ఏదో దెబ్బతింది.

"మీరేమంటరు మేడమ్? ఏమని రాసుకోను?" అన్నాడు జగదీశ్వర్ పెన్ను మూత తీస్తూ.

"మా ఎలుగుబంట్లు అలా చూడవని రాయండి," అంది ఇందుమతి.